పాత కారుకు రిమోటు చాలు, బీగం చెవి జేబులోనే ఉండనీ

ఇరవై ఏళ్లు దాటిన కారు ఇంటి ముందర నిలబడి ఉంటే ఊరంతా సలహాదారులే. చుట్టాలు వచ్చి, "ఇంకా ఈ డబ్బా ఎందుకప్పా, అమ్మేసి కొత్తది తీసుకోండి" అంటారు. అమ్మం అంటే యాక్సెసరీ అంగడివాళ్లు అందుకుంటారు: "సరే సార్, పుష్ స్టార్టు కిట్టు వేయించండి, కొత్త కారు మాదిరి అయిపోతుంది." ఈ రెండు సలహాలూ తప్పే అని మా వాదన. పాత కారుకు కావలసింది నాలుగు డోర్లకు రిమోటు బీగం. అంతే. ఇంజన్ స్టార్టింగు జోలికి పోకూడదు, బీగం చెవిని మూలకు పడేయకూడదు. ఇది మూడు వేల రూపాయల పని. దాన్ని పది వేల పనిగానో, ఎనిమిది లక్షల పనిగానో చేసి మన ఇళ్లకు అంటగడుతున్నారు.

ముందు మాట గురించి ఒక మాట. మా కోలారు పక్క తెలుగు ఇళ్లలో 'కీ' అనేది పిల్లల మాట. పెద్దవాళ్లకు అది బీగం చెవి. బీగం అనేది కన్నడానికీ తెలుగుకూ ఉమ్మడి సొత్తు. కాకపోతే కన్నడంలో దాన్ని 'బీగద కై' అంటారు, అంటే బీగానికి చెయ్యి. మనం చెవి అంటాం. కన్నడ మీడియంలో చదివి ఇంట్లో తెలుగు మాట్లాడిన మాబోటివాళ్లకు చిన్నప్పుడు ఇదొక తమాషా: బడిలో చెయ్యి, ఇంట్లో చెవి. ఇప్పుడు రిమోటు వచ్చాక మన మాటే బాగా కుదిరిందనిపిస్తుంది. నొక్కేది మనం, వినేది కారు. రిమోటు కిట్టు వేయించడమంటే కారుకు ఇంకో చెవి పెట్టించడం. దానికోసం ఉన్న చెవి కోయించుకోమని ఎవరైనా చెప్తే వినాలా?

ఎవరి కోసం ఈ పని

మా ఇంటి కారు 2002 నాటి మారుతీ జెన్. పెట్రోలు బండి, కింది మోడలు. అద్దాలు చేత్తో తిప్పేవే, సెంట్రల్ లాకు లేదు. నడిపేది చిన్నాయన. ముళబాగిలు నుంచి నంగలి దాటి పలమనేరు, పుంగనూరు, మదనపల్లె దాకా మా చుట్టరికాలు పరుచుకుని ఉన్నాయి. పెళ్లి, సీమంతం, కర్మాంతరం ఏదైనా ఈ కారే. తాతను కోలారు ఆసుపత్రికి చూపించడానికి తీసుకుపోయేదీ ఇదే.

చిన్నాయనకు చికున్‌గున్యా వచ్చిపోయాక వేళ్ల కీళ్లు పట్టేస్తాయి. డ్రైవర్ డోరు బీగం తిప్పాలి, లోపలికి వంగి వెనక డోరు గుబ్బ పైకి లాగాలి, అటుపక్క డోరుదీ లాగాలి. దిగినాక మళ్లీ నాలుగూ పడ్డాయా లేదా అని చుట్టూ తిరిగి చూసుకోవాలి. రోజుకు ఐదారుసార్లు. అంతసేపూ అవ్వ మోకాళ్ల నొప్పితో ఎండలో డోరు పట్టుకుని నిలబడి ఉంటుంది. వాన వస్తే ఇద్దరూ తడుస్తారు.

ఇది పెద్ద కష్టమేం కాదు అనిపించవచ్చు. కానీ ఏం జరుగుతుందంటే, ఎవరూ నిర్ణయం చేయకుండానే బయటికి పోవడం తగ్గుతుంది. "పోన్లే, ఫోను చేసి చెప్దాం" అంటారు. మొదట పొద్దున పోయి సాయంత్రం వచ్చే ఊళ్లు ఆగిపోతాయి. తర్వాత పక్క ఊళ్లు. సరిహద్దుకు ఇవతల ఉన్న మనకు ఈ రాకపోకలే భాష. మా పిల్లలు తెలుగు నేర్చుకున్నది పుస్తకంలో కాదు, పుంగనూరు అత్త ఇంటి అరుగు మీద. ఆ అరుగు దాకా తీసుకుపోయే కారు డోరు సులభంగా తెరుచుకోవాలి. మేము అడుగుతున్నది అంతే.

అమ్మేయమనేవాళ్లకు

మొదట చెప్పే భయం: "పదిహేనేళ్లు దాటితే తుక్కే, గవర్నమెంటు రూలు." ఈ మాట మా వాట్సాప్‌లో ఎన్నిసార్లు వచ్చిందో లెక్క లేదు. పదేళ్ల డీజిలు, పదిహేనేళ్ల పెట్రోలు అనే నిషేధం ఢిల్లీ, దాని చుట్టుపక్కల ప్రాంతం గురించి పుట్టింది. జాతీయ హరిత ట్రిబ్యునల్ ఉత్తర్వులు, 2018లో సుప్రీంకోర్టు సమర్థన, అన్నీ ఆ ప్రాంతం గాలి గురించే. కోలారుకు, బళ్లారికి, హోసూరుకు, బరంపురానికి ఆ నిషేధం రాలేదు. మన దగ్గర సొంత కారుకు పదిహేనేళ్లు నిండితే బండిని ఆర్టీవో ఆఫీసులో చూపించి, ఫిట్‌నెస్ ఉందని తేలితే ఐదేళ్లకు రిజిస్ట్రేషన్ పొడిగిస్తారు. మళ్లీ ఐదేళ్లకు మళ్లీ చూపించాలి.

ఖర్చు పెరిగిన మాట నిజం. 2022 ఏప్రిల్ నుంచి కారు రిజిస్ట్రేషన్ పొడిగింపు రుసుము 600 నుంచి 5,000 రూపాయలకు పోయింది. ఇరవై ఏళ్లు దాటినవాటికి ఆ తర్వాత ఇంకా పెంచారు. కర్ణాటకలో గ్రీన్ ట్యాక్సు వేరే. ఇవన్నీ కలిపినా కొత్త కారు లెక్క ముందర ఏపాటి? ఆరు లక్షలు అప్పు తీసుకుని, వడ్డీ తొమ్మిదిన్నర శాతం, ఐదేళ్లు అనుకుంటే నెలకు కంతు సుమారు 12,600 రూపాయలు. మా రిమోటు కిట్టు మొత్తం ఖర్చు 3,090. అంటే కొత్త కారు కంతులో వారం రోజుల వాటా. వారం కంతు పెట్టి తీర్చగలిగే ఇబ్బందికి ఐదేళ్లు కంతు కట్టమనడం సలహా కాదు, పరువు పోటీ.

పొగ గురించి అడిగేవాళ్లకు వేరే జవాబు చెప్పాలి. పాత కారు కొత్తదానికన్నా ఎక్కువ పొగ విడుస్తుంది, ఒప్పుకుంటాం. బెంగళూరులో రోజూ నలభై కిలోమీటర్లు తిప్పేవాళ్లు మా మాట వినక్కర్లేదు. నెలకు మూడు నాలుగు వందల కిలోమీటర్లు తిరిగే, ఎమిషన్ పరీక్ష సక్రమంగా పాస్ అయ్యే ఇంటి కారు గురించే మేము మాట్లాడుతున్నాం. ఇంజను చెడిపోయి, కింద తుప్పు తిన్నదైతే మేమే అమ్మమంటాం. డోరు బీగం కష్టంగా ఉందని మాత్రం అమ్మకండి.

పుష్ స్టార్టు ఎందుకు వద్దు

ఇప్పుడు అంగడివాళ్ల సంగతి. మాకు ఒక అంగడిలో బిగింపుతో కలిపి 9,500 చెప్పారు. జేబులో రిమోటు ఉంటే చాలు, దగ్గరికి పోగానే డోరు తెరుచుకుంటుంది, బటన్ నొక్కితే స్టార్టు. వినడానికి బాగుంది. లోపల ఏం చేస్తారో అడిగితే మాత్రం "అది మేం చూసుకుంటాం సార్" అన్నారు. మా ఉద్యోగం సాఫ్ట్‌వేరు పరీక్షించడం. "అది మేం చూసుకుంటాం" అనే జవాబు వినగానే ఇంకా నాలుగు ప్రశ్నలు అడగడం మాకు జీతం ఇచ్చి నేర్పిన అలవాటు.

ఒకటి, స్టీరింగు లాకు. పాత కారులో బీగం చెవి తీసేసి స్టీరింగు కాస్త తిప్పితే టక్కుమని పట్టేస్తుంది. ఇరవై ఏళ్ల కిందటి చవక కారుకు కంపెనీ ఇచ్చిన గట్టి కాపలా అదే. బటన్‌తో స్టార్టు కావాలంటే ఆ లాకు అడ్డం. కాబట్టి దాన్ని ఊడదీస్తారు, లేకపోతే బీగం చెవిని ఎప్పటికీ అందులోనే వదిలేయమంటారు. దొంగ రాకుండా కిట్టు వేయించి, దొంగను ఆపే ఇనుప ముక్కను మన చేత్తోనే తీసేసినట్టు.

రెండు, ఇగ్నిషన్ వైర్లు. కిట్టు బాక్సు ఇంజన్ కరెంటుకు మధ్యలో వచ్చి కూర్చుంటుంది. మంచి రిలే, మంచి అతుకు అయితే సరి. వైర్లు మెలేసి టేపు చుట్టి వదిలేస్తే? ముళబాగిలు హైవే మీద ఎనభైలో పోతుండగా ఆ అతుకు వదిలితే ఇంజను ఆగుతుంది. ఇంజను ఆగితే ఒకటి రెండుసార్లు నొక్కేలోపే బ్రేకుకు ఉన్న వాక్యూమ్ సాయం అయిపోతుంది, పెడలు రాయి అవుతుంది. డోరు రిమోటు చెడిపోతే డోరు తెరుచుకోదు, అంతే. ఇది చెడిపోతే నడిరోడ్డు మీద ప్రాణాలతో పని.

మూడు, చిప్ ఉన్న కార్లు. కొంచెం తర్వాతి మోడళ్లలో బీగం చెవి తలకాయలో చిన్న చిప్ ఉంటుంది. అది దగ్గర లేకపోతే ఇంజను స్టార్టు కాదు. అలాంటి కారుకు పుష్ స్టార్టు పెట్టాలంటే చిప్ ఉన్న రెండో చెవిని డ్యాష్‌బోర్డు కింద దాచిపెడతారు. అంటే కాపలాదారును లోపలే కట్టేసి గేటు తీసి పెట్టడం. మీ కారు 2002 తర్వాతిదైతే ఈ సంగతి ముందే తేల్చుకోండి.

నాలుగు, దగ్గరికి పోగానే తెరుచుకునే గుణమే. జేబులో రిమోటు ఇంట్లో ఉన్నా, దాని సిగ్నల్‌ను ఒక పెట్టెతో పట్టి కారు దాకా చేరవేసి కారును మోసం చేయవచ్చు. జర్మనీ వాహనదారుల సంఘం ఏడీఏసీ 2016లో 20కి పైగా మోడళ్ల మీద ఇలా చేసి తెరిచి చూపించింది. ఖరీదైన ఫ్యాక్టరీ కార్లదే ఆ గతి అయితే తొమ్మిదివేల కిట్టు గురించి చెప్పేదేముంది?

ఇక్కడ ఒక న్యాయమైన ప్రశ్న ఉంది. "వేళ్లు నొప్పి అంటున్నారు కదా, డోరుకు రిమోటు పెట్టినా ఇగ్నిషన్‌లో చెవి తిప్పక తప్పదు కదా?" నిజమే. కానీ రెండు తిప్పుళ్లూ ఒకటి కావు. పాత డోరు బీగం దుమ్ము, వాన తిని బిగుసుకుని ఉంటుంది, నిలబడి వంగి తిప్పాలి. ఇగ్నిషన్ లోపల ఉంటుంది, మెత్తగా తిరుగుతుంది, కూర్చుని తిప్పుతాం. చెవి తలకాయకు వెడల్పాటి గట్టి తొడుగు వేస్తే పట్టు పెద్దదవుతుంది, వేళ్లతో కాకుండా అరచేత్తో తిప్పవచ్చు. చిన్నాయన చెవికి అరవై రూపాయల తొడుగు వేశాం. ఇగ్నిషన్ గురించి మళ్లీ మాట రాలేదు. దానికి కూడా నయం కానంత నొప్పి ఉంటే ఆలోచించవలసింది కిట్టు గురించి కాదు, ఎవరు నడపాలి అనే దాని గురించి.

మనకు కావలసిన కిట్టులో ఏముంటుంది

రిమోటుతో కారు డోరు తెరవడం కొత్త విద్యేం కాదు. ఫ్రాన్సులో రెనో ఫ్యూగో కారుకు 1980ల మొదట్లోనే వచ్చింది. మన అంగళ్లలో దొరికే కిట్టులో ఒక చిన్న బాక్సు, రెండు రిమోట్లు, నాలుగు మోటర్లు, వైర్ల కట్ట, ఇనుప కడ్డీలు, స్క్రూలు ఉంటాయి. ఒక్కో డోరు లోపల బీగం కడ్డీకి ఒక్కో మోటరు. బాక్సు కరెంటు ఇస్తే మోటరు కడ్డీని పైకి లాగుతుంది, లేకపోతే కిందికి తోస్తుంది. మన వేలు చేసే పనే.

మోటర్లలో రెండు రకాలు. రెండు వైర్లది బాక్సు మాట వింటుంది, అంతే. ఐదు వైర్లది వింటుంది, మాట్లాడుతుంది కూడా: "నా బీగం ఎవరో తిప్పారు" అని బాక్సుకు చెప్తుంది. డ్రైవర్ డోరులో ఐదు వైర్లదే ఉండాలి. అప్పుడు రిమోటు సెల్లు అయిపోయినా, డ్రైవర్ డోరులో బీగం చెవి తిప్పితే నాలుగూ తెరుచుకుంటాయి. మేము చెవి జేబులో ఉండనీ అంటున్నది ఇందుకే. కొత్త ఏర్పాటు పాతదాన్ని తీసేయదు, దాని పక్కన నిలబడుతుంది.

మా ఖర్చు ఇది: కిట్టు 1,850, బిగింపు కూలి 1,000, మంచి వైరు, ఫ్యూజు, రబ్బరు గొట్టం కలిపి 240. కొనేటప్పుడు రెండు సంగతులు చూశాం. రిమోటులో సీఆర్ 2032 సెల్లు పట్టాలి, అది ఏ ఊళ్లోనైనా దొరుకుతుంది. పెట్టె మీద రోలింగ్ కోడ్ అని స్పష్టంగా ఉండాలి. 'లెర్నింగ్ కోడ్' అని రాసి ఉంటే అది రోలింగ్ కోడ్ అని అర్థం కాదు. ఆ తేడా ఏమిటో దొంగల సంగతి దగ్గర చెప్తాం.

మేస్త్రీ పక్కనే నిలబడి చూడవలసినవి

కిట్టు ఎంత మంచిదైనా బిగింపులోనే పోతుంది. రెండు గంటల పనిని నలభై నిమిషాల్లో ముగించి పంపేస్తారు. ఇది మేస్త్రీల చేతగానితనం కాదు. మన ఊళ్లలో ఈ పని చేసే చాలామంది చేతులు మంచివే. మనమే "తొందరగా, తక్కువకు" అని తరుముతాం, అంగడివాళ్లు బండికి ఇంత అని లెక్కగడతారు. కాబట్టి కూలి ఒక వంద ఎక్కువ ఇస్తామని ముందే చెప్పండి, పక్కన నిలబడండి, ఈ ఐదూ అడగండి.

వైరు డోరులోంచి బాడీలోకి పోయేచోట రబ్బరు గొట్టంలోంచే పోవాలి. రేకు రంధ్రంలోంచి వట్టిగా లాగితే డోరు మూసిన ప్రతిసారీ అంచు వైరును కోస్తుంది. ఏడాదికి తోలు పోయి రేకుకు తగులుతుంది. కార్లలో వైరింగు కాలేది ఇట్లాంటిచోటే.

ఫ్యూజు బ్యాటరీ కరెంటు తీసుకునే చోటికి దగ్గరగా ఉండాలి. బాక్సు దగ్గర పెడితే మధ్యలో ఉన్న వైరుకు కాపలా లేనట్టే.

మోటరు బిగించే ముందు అద్దం పూర్తిగా కిందికి దించి చూడాలి. లేకపోతే మొదటిసారి అద్దం దించినప్పుడు మోటరుకు తగిలి ఆగుతుంది. మోటరు కడ్డీ, బీగం కడ్డీ ఒకే దారిలో కదలాలి. వంకరగా ఉంటే మోటరు మూలుగుతుంది, ఎండాకాలంలో మొరాయిస్తుంది.

డోరు ప్యాడు వెనక ప్లాస్టిక్ షీటు ఒకటి అతికించి ఉంటుంది. చాలామంది చింపి పారేస్తారు. వాన నీళ్లు లోపలికి రాకుండా ఆపేది అదే. మళ్లీ అతికించమనండి.

డోరు తెరిచి ఉందా మూసి ఉందా అని బాక్సుకు చెప్పే సన్న వైరు ఒకటి ఉంటుంది. లోపలి లైటు వెలిగించే స్విచ్చికి దాన్ని కలపాలి. పని మిగులుతుందని దీన్ని వదిలేస్తారు. దీనివల్ల ఏమవుతుందో కింద రాశాం. మొత్తం బిగింపులో మేము పట్టుబట్టవలసి వచ్చిన వైరు ఇదొక్కటే.

పరీక్ష చేయకుండా దుడ్డు ఇవ్వకండి

రిమోటు నొక్కితే టక్కుమని నాలుగు డోర్లూ పడ్డాయి, ఇండికేటర్లు వెలిగాయి, అందరం నవ్వాం, దుడ్డు ఇచ్చేశాం. అంగళ్ల ముందు రోజూ జరిగేది ఇదే. ఆఫీసులో మేము సాఫ్ట్‌వేరును ఇట్లా పాస్ చేస్తే సాయంత్రానికి ఇంటికి పంపుతారు. పని చేసినప్పుడు చూడటం పరీక్ష కాదు. చేయనప్పుడు ఏం జరుగుతుందో చూడటం పరీక్ష.

బ్యాటరీ వైరు ఊడదీయండి. డ్రైవర్ డోరు బీగం చెవితో తెరుచుకోవాలి. లోపల కూర్చుని ప్రతి డోరు గుబ్బనూ చేత్తో లాగండి, రావాలి. ఇది రాకపోతే ఇంకేదీ చూడక్కర్లేదు, ఊడదీయమనండి. చిన్నపిల్లలను లోపల కూర్చోబెట్టే ఇంట్లో ఈ ఒక్కటి కచ్చితం.

రిమోటుతో తెరవండి, ఏ డోరూ తీయకుండా నిలబడండి. చాలా కిట్లు అర నిమిషంలో మళ్లీ తామే బీగం వేసుకుంటాయి. అది మంచిదే. ఇప్పుడు మళ్లీ తెరవండి, ఈసారి డోరు తీసి, రిమోటును సీటు మీద పెట్టి, అద్దం దించి, డోరు మూసి బయట నిలబడండి. ఈసారి బీగం పడకూడదు. పడితే ఆ సన్న వైరు కలపలేదన్నమాట. సామాను దించుకోవడానికి దిగిన అర నిమిషంలో, చెవి లోపల, పసిబిడ్డ లోపల, మనం బయట. మే నెల ఎండలో ఇది ఎట్లా ముగుస్తుందో చెప్పనక్కర్లేదు.

రిమోటును కారుకు దూరంగా తీసుకుపోయి ముప్పైసార్లు నొక్కండి. ఇంట్లో పిల్లలు చేసే పని ఇదే. తిరిగి వచ్చి నొక్కితే, ఒకసారికి కాకపోయినా రెండోసారికి కారు వినాలి.

ఇంజను నడుస్తుండగా రిమోటు నొక్కండి. డోర్లకు తప్ప ఇంజనుకు ఏమీ కాకూడదు.

చివరగా, మల్టీమీటరు ఉన్నవాళ్లను పట్టుకుని, కారు ఆపి ఉన్నప్పుడు కిట్టు ఎంత కరెంటు తాగుతుందో చూడండి. మాది 12 మిల్లీ ఆంపియర్లు. నెల రోజులు కారు కదలకపోతే తొమ్మిది ఆంపియర్-అవర్లకు కాస్త తక్కువ. మా చిన్న బ్యాటరీ 35. అంటే నెలకు పావు వంతు. నెలన్నర ఊరికి పోయేవాళ్లు బ్యాటరీ వైరు తీసి పోవడం మేలు. ఈ లెక్క అంగడిలో ఎవరూ చెప్పరు. రెండు నెలల తర్వాత స్టార్టు కాకపోతే "పాత కారు కదా సార్" అంటారు.

దొంగల సంగతి

రిమోటు పెట్టాం, ఇక భద్రం అనుకోకండి. చవక రిమోటులో ప్రతిసారీ ఒకటే కోడ్ గాల్లోకి పోతుంది. ఎవరైనా ఒకసారి దాన్ని పట్టి దాచుకుంటే, తర్వాత ఎప్పుడైనా వదిలి డోరు తెరవవచ్చు. రోలింగ్ కోడ్ అయితే నొక్కిన ప్రతిసారీ కోడ్ మారుతుంది, వాడిన కోడ్‌ను కారు మళ్లీ ఒప్పుకోదు. మూడు నాలుగు వందలు ఎక్కువైనా అదే కొనమని చెప్పేది ఇందుకే. అదీ అభేద్యం కాదు. ఒక కోడ్‌ను అడ్డగించి దాచుకుని తర్వాత వాడే పనిముట్టును 2015లోనే ఒక సెక్యూరిటీ పరిశోధకుడు చేసి చూపించాడు.

అసలు సంగతి ఇంకోటి. ఇరవై ఏళ్ల కారును దొంగిలించేవాళ్లకు రేడియో విద్యలు అక్కర్లేదు, అద్దం సందులో దూర్చే సన్న రేకు చాలు. కాబట్టి రిమోటు సౌకర్యానికి, భద్రతకు కాదు. భద్రతకు స్టీరింగు లాకు అట్లే ఉండనీ, గేరు లాకో పెడలు లాకో ఒకటి కొనండి, లోపల సంచి పెట్టి పోకండి. చాలా పాత కార్లకు థర్డ్ పార్టీ బీమా మాత్రమే ఉంటుంది. అది కారు పోతే పైసా ఇవ్వదు. పూర్తి బీమా ఉన్నవాళ్లు కిట్టు సంగతి బీమావాళ్లకు చెప్పి పెట్టండి, ఒరిజినల్ చెవులు రెండూ జాగ్రత్తగా దాచండి. కారు పోయిందని క్లెయిము చేస్తే వాటిని అడుగుతారు. చెవిని పారేయకండి అనడానికి ఇది ఇంకో కారణం.

కారును వాడేవాళ్ల భాషలో చెప్పండి

కిట్టుతో వచ్చిన కాగితం ఇంగ్లీషులో ఉంది, అదీ అర్థం లేని ఇంగ్లీషు. బిగించిన మేస్త్రీ ఇంట్లో ఉర్దూ, అంగట్లో కన్నడం. వాడవలసిన చిన్నాయనకు, అవ్వకు తెలుగు మాట, కన్నడ అక్షరం. మన కోలారు ఇళ్లలో చీటీలన్నీ ఇట్లాంటివే కదా, కన్నడ లిపిలో తెలుగు మాటలు. అట్లాంటి చీటీ ఒకటి రాసి డ్రైవర్ ఎదుట ఎండతెర వెనక అతికించాం. నాలుగే వరుసలు: పై బటన్ బీగం, కింది బటన్ తెరవడానికి. రిమోటు వినకపోతే బీగం చెవి డ్రైవర్ డోరులో తిప్పు. డిక్కీకి చెవే. దిగేటప్పుడు చెవి చేతిలో ఉందా చూసుకో.

ఏ వస్తువైనా ఇంట్లో నిలవాలంటే దాన్ని వాడే పెద్దవాళ్లకు అర్థమయ్యే మాటల్లో చెప్పాలి. కొత్త కార్లలో తెరల మీద వచ్చే ఇంగ్లీషు హెచ్చరికలు చూసి చేతులు ముడుచుకుని వెనక సీటులో కూర్చున్న తాతలను మేము చాలామందిని చూశాం. వాళ్లకు చేతగాక కాదు. వాళ్లతో ఎవరూ మాట్లాడక.

హోసూరులో ఉన్నా, బళ్లారిలో ఉన్నా, షోలాపూరులో ఉన్నా మీ ఇంటి ముందర ఇట్లాంటి కారు ఉంటే మా మాట ఇంతే. అమ్మమనేవాళ్లను కంతు ఎవరు కడతారో అడగండి. బటన్ పెట్టిస్తామనేవాళ్లను స్టీరింగు లాకు ఏం చేస్తారో అడగండి. మూడు వేలు తీసి పక్కన పెట్టుకుని, ఒక ఆదివారం పొద్దున మేస్త్రీ పక్కన స్టూలు వేసుకుని కూర్చోండి. బ్యాటరీ వైరు ఊడదీసి చెవి తిప్పి చూడనిదే లేవకండి. ఆ మధ్యాహ్నమే అవ్వను ఎక్కించుకుని, చాలా రోజులుగా పోని చుట్టాల ఊరు ఏదైనా ఉంటే పోయి రండి.